కరెమ్మకు మూడు నూనెలు

బేతంచెర్లలో చేతిలో ఆయిలు డబ్బా, నోట్లో సలహా ఉన్న ప్రతి మగాడూ ఈ వ్యవహారంలో ముద్దాయే. ఒకరిద్దరి పేర్లు చెప్పి మిగతావాళ్లను వదిలేయడానికి వీల్లేదు. అడగని సలహా చెప్పినవాళ్లు, అడక్కుండానే మూత తిప్పి పోసినవాళ్లు, పోసేసి మాటైనా చెప్పకుండా టీ తాగడానికి పోయినవాళ్లు, మీరందరూ కలిసే ఉరుకుందప్పనూ ఆయన కారునూ ఊళ్లమ్మట ఊరేగించారు. ఉరుకుందప్ప తప్పు ఒక్కటే. ఆయనకు కాదనడం చేతకాదు. యాభై ఎనిమిదేండ్లలో "వద్దు" అనే మాట ఆయన నోట అన్నం దగ్గర కూడా రాలేదు. పొట్ట చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

ఆ ఆదివారం పొద్దున ఆయన వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరింటికి ఇంజన్లో కొత్త ఆయిలు పోయించడం, స్నానం చేయడం, ఉగ్గాని బజ్జీ తినడం, ఏడింటికి భార్య ప్రమీలారాణిని పక్కన కూర్చోబెట్టుకొని కారు తీయడం, పదకొండు లోపల మైదుకూరు చేరడం. అక్కడ ఆయన బామ్మర్ది ఉమామహేశ్వర కట్టిన ఫంక్షన్ హాలుకు ఆ రోజు ప్రారంభోత్సవం.

కారు ఆయన తాతది. నలభైయేడులో మద్రాసు పోయి తెచ్చుకున్నాడు. నల్లగా ఉంటుంది కాబట్టి ఇంట్లో అందరికీ అది కరెమ్మ. పొలాలు పోయాయి, పొలాల కింద బండలు తేలాయి, వ్యవసాయం చేసే ఇల్లు బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఇల్లయింది. కరెమ్మ మాత్రం కదల్లేదు. ఏటా ఆయుధపూజకు ఉరుకుందప్ప దాన్ని స్వయంగా కడిగి, బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, దిష్టికి ఏదో ఒకటి కట్టి, టెంకాయ కొట్టి, ఊరంతా ఒక చుట్టు తిప్పుకొస్తాడు. ఈసారీ తిప్పాడు.

ఇప్పటి కార్ల ఇంజన్లకు వాల్వులు నెత్తిమీద ఉంటాయి. కరెమ్మకు పక్కటెముకల్లో ఉంటాయి. నెత్తిన ఏమీ ఉండదు కాబట్టి ఇంజను మూత పెనం బోర్లించినట్టు చదునుగా ఉంటుంది. ఫ్లాట్‌హెడ్ అంటారు. ఒంట్లో బాగుంటే ఆ ఇంజను పిల్లి గురకపెట్టినట్టు నడుస్తుంది. అందుకే దాంట్లో చిన్న సౌండు వచ్చినా వీధి చివరిదాకా వినపడుతుంది. అక్టోబరు నుంచి వస్తోంది. టక్ టక్ టక్ టక్. యాక్సిలరేటరు తొక్కితే టకటకటకటక.

నవంబరులో ఒక పెండ్లిలో, విస్తట్లో ఓళిగలు పడుతున్న సమయంలో ఉమామహేశ్వర ఆ సంగతి ఎత్తాడు.

"బావా, నీ బండి మూలుగుతాండాది. ఇంగ దాన్ని ఇబ్బంది పెట్టొద్దు. మా హాలు ముందర దిమ్మె కట్టి నిలబెడదాం. పెండ్లికొడుకు, పెండ్లికూతురు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. నాలుగు చక్రాలకూ బోల్టులు బిగిస్తే శాశ్వతంగా ఉండిపోతాది."

ఉరుకుందప్పకు ఆ బోల్టులు తన మోకాళ్లకు బిగించినట్టు అనిపించింది. "అది పరిగెత్తే బండప్పా," అన్నాడు.

"అట్లయితే ఒగ మాట. ప్రారంభం నాడు పదకొండు లోపల మా హాలు ముందరికి అది తనంతట తాను రావల్ల. ఎవురూ తొయ్యగూడదు, లాగగూడదు. టక్ అని ఒక్క సౌండు వినపడినా బండి నాది. సరేనా?"

కాదనడం చేతకాని మనిషిని సరేనా అని అడగడం నేరం. "సరే," అన్నాడు ఉరుకుందప్ప. పక్కనున్న ప్రమీలారాణి, "నాకు పీడ వదులుతాది. ముప్పై ఏండ్ల నుంచి ఆ గరాజు కసువు ఊడ్చలేక సచ్చిపోతాండా," అని తమ్ముడి పక్షాన చేరింది.

రెండు నెలల తర్వాత ఉమామహేశ్వర ఫోన్ చేసి నున్నటి నల్లబండలు పంపమన్నాడు. బామ్మర్ది హాలు కదా అని ఉరుకుందప్ప దగ్గరుండి ఏరి, రెండుసార్లు పాలిష్ పట్టించి, ఫ్యాక్టరీ బండలు తోలే గోపన్న లారీలో పంపాడు. గోపన్న బండలు దింపి, అవి పరిచిందాకా ఉండి వచ్చి సంతోషంగా చెప్పాడు. "దిమ్మె శానా బాగొచ్చిందన్నా. కరెమ్మకు కొలత తీసినట్టు సరిపోతాది."

అదీ పరిస్థితి. ఇంక ఆదివారానికి వద్దాం.

ఆరు కొట్టేసరికి హెన్రీ వచ్చాడు. ముప్పై ఏండ్లు రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇంజను పక్కన మాట్లాడేటప్పుడు చర్చిలో ఉన్నట్టు గొంతు తగ్గిస్తాడు. పాత ఆయిలు దించి, ఐదు లీటర్ల కొత్త డబ్బా ఒంచుతూ చెప్పాడు. "ముప్పై నంబరు, సింగిల్ గ్రేడు. పల్చగా పైదాకా ఎక్కుతాది. ఇప్పటి ఆయిళ్లు పోసినావంటే వాటిల్లో సబ్బు మందు ఉంటాది సామీ. లోపల డెబ్బై ఏండ్ల మడ్డినంతా కడిగేస్తాది. ఆ మడ్డిని పట్టుకొనే కదా ఇంజను నిలబడుండేది?"

కరెక్టుగా గీత దాకా పోసి స్టార్టు చేశాడు. టక్ టక్ టక్ టక్.

"వేడెక్కల్ల. పది నిమిషాలు నడవనీ," అని హెన్రీ టీ తాగడానికి పోయాడు. ముద్దాయి నంబరు ఒకటి.

ఆ పది నిమిషాల్లో గోపన్న దిగాడు. బానెట్టు మీద చెవి పెట్టాడు. ఆయిలు వేలికి రాసుకొని వాసన చూశాడు. "ఇది ఆయిలా, మజ్జిగ మీద తేటా? తొంభై నంబరు గేరాయిలు పొయ్యల్లన్నా. దాని జిగటకు సౌండు లోపల్నే అతుక్కుంటాది. బయటికి రమ్మన్నా రాదు."

"హెన్రీ ఏమన్నా అనుకుంటాడేమో గోపన్నా."

"హెన్రీకి జెప్తామా ఏంది? రెండు లీటర్లు పోస్తా. మళ్లొచ్చి అడుగున రెండు లీటర్లు దించుతా. లెక్క సరిపాయె. సరేనా?"

"సరేప్పా."

పోయడం అయింది. దించేలోపల గోపన్నకు ఫోనొచ్చింది, మాట్లాడుకుంటూ లారీ దగ్గరికి పోయాడు. ముద్దాయి నంబరు రెండు. ఉరుకుందప్ప స్నానానికి పోయాడు.

ఆయన నెత్తిన నీళ్లు పోసుకుంటున్నప్పుడు చిన్నాయన తిమ్మయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎనభై నాలుగేండ్లు. కరెమ్మ ఇంటికి వచ్చిన రోజు చూసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే, ఆ హోదా ఆయన ఎవరికీ ఇవ్వడు. ఆయన చేతిలో సొంత చేన్లో పండించి, గానుగలో ఆడించిన ఆముదం, ఒక పెద్ద చెంబు నిండా ఉంది.

"ఏంది మామా, ఎవురికి తాపల్ల?" అంది ప్రమీలారాణి.

"దీనికే. మా నాయన పోస్తాండె. నేను కండ్లారా చూసినా. బళ్లోకి పోయేటప్పుడు చూసినా." చెంబు ఒంచాడు. చుక్క మిగలకుండా అడుగు తట్టాడు. "నీ మొగునికి జెప్పొద్దు. వాడు భయస్తుడు." ముద్దాయి నంబరు మూడు.

ఐదు లీటర్లు పట్టే ఇంజన్లో ఒకదాంతో ఒకటి కలవని మూడు నూనెలు ఎనిమిది లీటర్లకు పైన చేరాయి. ఇంట్లో ముగ్గురు తోడికోడళ్లకు ఒకే వంటిల్లు ఇచ్చినట్టయింది.

ఏడుంపావుకు కరెమ్మ కదిలింది. టక్ టక్ టక్ టక్. వెనక గోపన్న లారీలో ముగ్గురు ముద్దాయిలూ ఎక్కారు. దారిలో తన నూనె పనిచేసే క్షణం కండ్లతో చూడాలని ఎవరికి వారికి ఆశ.

బనగానపల్లె దాటేదాకా ఏమీ కాలేదు. కోయిలకుంట్ల దాటాక ప్రమీలారాణి ఏమీ ఎరగనట్టు ముక్కు ఎగబీల్చింది. "ఏమయ్యా, యాడనో పిల్లోనికి ఆముదం తాపుతాండారు."

ఉరుకుందప్ప అద్దంలో చూశాడు. వెనక రోడ్డు లేదు. రోడ్డే కాదు, లారీ లేదు, శనగచేన్లు లేవు, కోయిలకుంట్లే లేదు. ఉన్నదంతా తెల్లటి పొగ, తాటిచెట్టంత ఎత్తు, పెండ్లి పందిరంత వెడల్పు. లారీ ఆ పొగలో దారి తెలియక రోడ్డు పక్కన నిలబడిపోయింది. టక్ టక్ మాత్రం ఏ నూనెకూ లొంగకుండా అట్లే ఉంది.

"ఆపేద్దామా?" అన్నాడు.

"ఆపితే మళ్ల లేస్తాదా అది? పోనీ," అంది ప్రమీలారాణి. పందెం కోసం అన్న మాట కాదు. నడిరోడ్డు మీద నిలబడటం ఆమెకు ఇష్టంలేదు.

ఆళ్లగడ్డ ఇంకా రాకముందు రోడ్డు మీదే ఒక ఊరు ఉంది. పేరు రాస్తే అక్కడి పంచాయతీవాళ్లు నొచ్చుకుంటారు. నొచ్చుకోవలసిన పనే చేశారు గానీ, పేరు వద్దు. కరెమ్మ ఆ ఊరి పొలిమేర తొక్కగానే ఒక కేక లేచింది. "దోమల బండి వచ్చెనే!"

అంతే. తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు నీళ్ల కడవల మీద మూతలు పెట్టారు. మగవాళ్లు బర్రెల కొట్టాల తడికెలు ఎత్తారు. పిల్లలు పొగలోకి దూకి మాయమై అవతలి పక్క తేలారు. రోడ్డుకు అడ్డంగా చీపురుకట్ట పట్టుకొని ఒక పెద్దావిడ నిలబడింది. ఆమె పేరు బసమ్మ.

"ఆగప్పా! యాడికి పోతాండావు? రోడ్డుకు పొగ కొట్టి పోతే దోమలేమన్నా రోడ్డు మీద సంసారం జేస్తాండాయా? మా వీధిలోకి రా!"

"అమ్మా, ఇది దోమల బండి గాదు."

"ఏడాది నుంచి ఇదే మాట. ఒగరు బండి లేదంటారు, ఒగరు మందు లేదంటారు. వచ్చిన బండి గూడా నేను బండి గాదంటాండాది. ఇంటికొగరు జొరంతో పండుకొనుండారప్పా ఊర్లో!"

"మందు గాదమ్మా, వాసన చూడు, ఆముదం మాదిరి ఉండాది."

"ఆముదమైతే ఇంగా మంచిది. కడుపులో దోమలు గూడా పోతాయి. తిప్పు!"

తొమ్మిదయింది. మైదుకూరు ఇంకా దూరం. దిమ్మె కండ్ల ముందు మెరిసింది. ఉరుకుందప్ప నోరు తెరిచి గట్టిగా ఒక మాట అనబోయాడు. వచ్చింది మాత్రం "సరేమ్మా".

నాలుగు వీధులు తిరిగారు. మొదటి వీధిలో ప్రమీలారాణి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. రెండో వీధిలో కొంగు దించింది. మూడో వీధిలో కిటికీలోంచి నడుముదాకా బయటికి వంగి, "ఈడ కొంచెం నిలపయ్యా, కాలువ ఉండాది! ఆ మూల తిప్పు, ఆడ ముసలాయన పిలుస్తాండాడు!" అని తానే నడిపిస్తోంది. పెండ్లయిన ముప్పై ఏండ్లలో ఆమె ఇంత గట్టిగా నవ్వడం ఉరుకుందప్ప చూడలేదు. ఆయనకు స్టీరింగు కంటే ఆవిడ మీదే చూపు పోతోంది.

బండి నల్లగా, పెద్దగా, పాతగా ఉంది కాబట్టి లోపలున్నది పెద్ద ఆఫీసరని ఊరు తీర్మానించుకుంది. ఒకాయన వీధి లైటు గురించి అర్జీ ఇచ్చాడు. ఒకామె బోరింగు గురించి ఇచ్చింది. కాలువ పూడిక, ఆగిపోయిన పింఛను, పైకప్పు లేని బడి. ఉరుకుందప్ప ఒక్కటీ వద్దనలేదు. పదకొండు అర్జీలు ఒళ్లో చేరాయి. పన్నెండోది మజ్జిగ చెంబు.

చివరి వీధి చివర బసమ్మ బండి ముందు వంగింది. బొట్టు పెడుతోందేమో అనుకున్నాడు ఆయన. లేచి వచ్చి ప్రమీలారాణి చెవిలో ఏదో చెప్పి, ఆమె చేతిలో ఏదో పెట్టి, "ఫోన్ నంబరు ఇయ్యమ్మా," అని అడిగి తీసుకుంది. ప్రమీలారాణి ఆ పెట్టినదాన్ని బ్యాగులో వేసుకుంది. పసుపుకుంకాలు కాబోలు.

హైవే ఎక్కాక ఉరుకుందప్ప ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు. "ప్రమీలా, వినపడతాందా?"

"ఏమి?"

"ఏమీ వినపడటం లేదు!"

టక్ లేదు. యాక్సిలరేటరు తొక్కాడు. టకటక లేదు. పొగ ఉంది, వాసన ఉంది, కానీ ఇంజను పిల్లిలాగా గురకపెడుతోంది. భార్య చేతి గాజుల సౌండు వినపడుతోంది. ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. "హెన్రీ దేవుడు," అన్నాడు. కొంచెం ఆలోచించి, "గోపన్న గూడా దేవుడే," అన్నాడు. ప్రమీలారాణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

పదిముక్కాలుకు కరెమ్మ ఫంక్షన్ హాలు ముందు ఆగింది. దిమ్మె కడిగి ముగ్గేసి ఉంది. ఉమామహేశ్వర పట్టుపంచె కట్టుకొని, చేతిలో పానా, జేబులో నాలుగు బోల్టులు పెట్టుకొని నిలబడ్డాడు. నాదస్వరం వాళ్లను చెయ్యెత్తి ఆపించాడు. బానెట్టు ఎత్తించాడు. ఎడమ పక్క చెవి పెట్టాడు, కుడి పక్క చెవి పెట్టాడు. రెండు చెంపలకూ మసి అంటింది, చెవికి మాత్రం ఏమీ అందలేదు. రెండు వందల మంది చుట్టాలు ఊపిరి బిగబట్టి వింటున్నారు.

"రేసు జెయ్యి బావా."

చేశాడు. గురక పెరిగింది. అంతే.

పానా కిందికి దిగింది. "నీదే బావా. బండి నీదే."

అప్పుడొచ్చింది లారీ. ముగ్గురూ దూకారు. ఆ నిశ్శబ్దాన్ని విన్నారు. ఒక్క క్షణం ముగ్గురి ముఖాలూ వెలిగాయి, మరుక్షణం ఒకరినొకరు చూసుకున్నారు.

"నేను జెప్తి కదా సామీ, వేడెక్కితే పోతాదని. ముప్పై నంబరు!"

"ముప్పై నంబరా? నేను పోసిన గేరాయిలుకు నోరు మూసుకున్యాది!"

"నువ్వు గేరాయిలు పోసినావా? నా ఆయిల్లోనా?" హెన్రీ జీవితంలో మొదటిసారి ఇంజను పక్కన గొంతు పెంచాడు.

తిమ్మయ్య కర్ర నేలకేసి కొట్టాడు. "ఇద్దరూ నోర్ముయ్యండ్రా. ఆముదం! చెంబెడు! మా నాయన పోస్తాండె!"

"చిన్నాయనా, నువ్వు గూడానా?" అన్నాడు ఉరుకుందప్ప. ఆ ఆముదం వాసన ఎక్కడిదో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

ఉమామహేశ్వర సన్మానానికి తెప్పించిన శాలువా ఒక్కటే ఉంది. దాని మూడు కొసలు ముగ్గురి చేతుల్లోకి పోయాయి. చుట్టాలు కూడా మూడు పార్టీలయ్యారు. లారీలున్నవాళ్లు గేరాయిలు వైపు, ముసలివాళ్లు ఆముదం వైపు, కొంచెం చదువుకున్నవాళ్లు హెన్రీ వైపు. పెండ్లి కాకుండానే హాల్లో పెండ్లినాటి గొడవ మొదలైంది.

ప్రమీలారాణి దిమ్మె దగ్గరికి నడిచింది. బ్యాగు తెరిచి, లోపలిది తీసి, నల్లబండ మీద వదిలింది.

టక్.

అందరూ తిరిగారు. ఆమె మళ్లీ ఎత్తి వదిలింది. టక్. మళ్లీ. టక్ టక్. మూడు నెలలుగా బేతంచెర్ల అంతా విన్న సౌండు అదే, తేడా లేదు.

అది ఎద్దు మెడలో కట్టే గవ్వల పట్టెడ. నల్ల ఉన్ని తాడుకు కుట్టిన తాతల నాటి గవ్వలు.

"ముందర జాలీ లోపల కట్టుండ్యా," అంది ప్రమీలారాణి. "ఫ్యాను గాలికి పోయి రేడియేటరుకు కొట్టుకుంటాండె. బసమ్మ అని ఆ ఊరామె వంగి చూసి పీకి ఇచ్చింది. ఎద్దు సొమ్ము బండికెందుకమ్మా, సౌండు జేస్తాండాది ఇదే కదా, అనింది. ఆమె పుట్టినాక ఇంజను చూసిండేది ఇదే మొదటిసారంట."

"ఎవురు కట్టింది?" అన్నాడు హెన్రీ, నీరసంగా.

ఉరుకుందప్ప తల వంచుకున్నాడు. "ఆయుధపూజ నాడు నేనే. కనపడితే ఈమె నగుతాదని లోపల కట్టినా. కట్టిన వారానికే సౌండు మొదలాయె. దిష్టి ముందే తగిలింది, ఆలస్యంగా కట్టినానే అని బాధపడినా."

"ఎవరి దిష్టికి బావా?" అన్నాడు ఉమామహేశ్వర.

రెండు వందల మంది కండ్లూ పానా మీదికి, జేబులోని బోల్టుల మీదికి పోయాయి. ముందు నవ్వింది ఉమామహేశ్వరే. మసి అంటిన చెంపలతో, పొట్ట పట్టుకొని నవ్వాడు. "పనిచేసింది కదా బావా! నా దిష్టి తగల్లేదు, బండి నాకు దక్కలేదు!"

"అయితే ఆముదం?" అన్నాడు తిమ్మయ్య చిన్న గొంతుతో. "మా నాయన పోస్తాండె కదా?" ఒక నిమిషం ఆలోచించాడు. "ఎద్దులబండి ఇరుసుకేమో."

దిమ్మె ఖాళీగా ఉండటం శకునానికి మంచిది కాదని ఎవరో అంటే, దాని మీద లారీలోంచి తెచ్చిన రెండు ఖాళీ డబ్బాలూ తిమ్మయ్య చెంబూ నిలబెట్టి శాలువా వాటికి కప్పారు. భోజనాలయ్యాక ముగ్గురు ముద్దాయిలూ పంచెలు ఎగ్గట్టి కాలగా మిగిలిన నూనెంతా దించారు. హెన్రీ కొత్త డబ్బా తెప్పించి తన ముప్పై నంబరు ఐదు లీటర్లు మళ్లీ పోశాడు, ఈసారి డబ్బా పక్కనే కాపలా కూర్చొని. తిరుగు ప్రయాణంలో ప్రమీలారాణి, "గరాజు నేను ఊడుస్తాలే. ఊరికే పెట్టగూడదు, ఆదివారం ఆదివారం తియ్యల్ల దీన్ని," అంది. ఆ మాటకు సరే అనడం ఉరుకుందప్పకు మొదటిసారి కష్టమనిపించలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటు. ఇప్పుడు జరగవలసిన పనులున్నాయి. డబ్బా పట్టుకొని తిరిగే మగాళ్లందరూ మూత బిగించి కింద పెట్టండి. నడుము ఉన్నది వంగడానికి, ముందు వంగి చూడండి. ఇంక ఆ ఊరి పంచాయతీ వాళ్లు: వీధి లైటు, బోరింగు, కాలువ, పింఛను, బడి, మొత్తం పదకొండు అర్జీలు బేతంచెర్లలో ఉరుకుందప్ప బీరువాలో ఉన్నాయి. అవి ఆయన పేరున రాసినవి కావు, మీ పేరున రాసినవి. వచ్చి తీసుకుపోండి. శనివారం లోపల ఆ ఊరికి దోమల బండి పంపండి, ఉత్త పొగతో కాదు, మందుతో.

ఆలస్యం చేయొద్దు. నిన్న బసమ్మ ఫోన్ చేసి ఆదివారం మళ్లా రమ్మంది, తిమ్మయ్య అప్పుడే ఇంకో చెంబు కడిగి పెట్టుకున్నాడు, ఉరుకుందప్ప సరే అన్నాడు.